ఖారా బిస్కెట్ అంటే మీ ఊళ్లో ఏది? ఇంట్లో చేసినవాళ్లు చెప్పండి

హైదరాబాద్_వంటిల్లు: ఖారా బిస్కెట్ ఇంట్లో చేద్దామని వెతుకుతుంటే ఒక్కో వీడియోలో ఒక్కో రకం వస్తోంది. నాకు కావాల్సింది మన ఇరానీ హోటల్లో చాయ్‌తో ఇచ్చేది, పొరలు పొరలుగా ఉండి కొరకగానే పొడిపొడిగా రాలేది. వీడియోల్లో ఎక్కువమంది పచ్చిమిర్చి, కరివేపాకు వేసి గుండ్రంగా కోసినవి చూపిస్తున్నారు. మీ వైపు దేన్ని ఖారా అంటారు? ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) ఎవరైనా చేశారా?

హిందూపురం_పిల్ల: అక్కా, మాకు ఖారా అంటే ఆ పచ్చిమిర్చిదే. బెంగళూరు దగ్గర కాబట్టి మాది అయ్యంగార్ బేకరీ రుచి, కన్నడంలో ఖార అంటే కారం. మీ దగ్గరిది ఉర్దూ మాట, ఉప్పగా ఉండేదని. మాది చేయడం చాలా తేలిక: మైదా, వెన్న, కొంచెం చక్కెర, ఉప్పు, చిటికెడు సోడా, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర, ముద్ద కావడానికి సరిపడా పెరుగు. సోడా పనిచేయాలంటే పులుపు కావాలి, అందుకే పెరుగు మానొద్దు. చపాతీలా పిసక్కుండా కలిపి, మందంగా వత్తి కోసి 170 డిగ్రీల్లో అంచులు ఎర్రబడేదాకా ఉంచండి.

పుణె_తెలుగువాడు: మీరడిగేదాన్ని ఇక్కడా ముంబైలోనూ ఖారీ అంటారండీ, ఆ పేరుతో వెతికితే సరైన పద్ధతి దొరుకుతుంది. అది బిస్కెట్ పిండి కాదు, పఫ్ పిండి. మైదా ముద్దను వత్తి, మధ్యలో చల్లటి వెన్న పెట్టి మడిచి, మళ్లీ వత్తి మళ్లీ మడవాలి, ప్రతి మడతకీ మధ్య ఫ్రిజ్‌లో పెట్టాలి. వెన్న కరిగి పిండిలో కలిసిపోతే పొరలు రావు, మన ఎండాకాలంలో ఇదే అసలు టెన్షన్. వెన్నలోని నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది కాబట్టి మొదట 200 డిగ్రీలు ఉండాలి, పొంగాక 150కి తగ్గించి లోపలి తడి పోయేదాకా ఆరనివ్వాలి. ఈ రెండో భాగం వదిలేస్తే పైన కరకర, లోపల మెత్తన. అన్నట్టు ఇక్కడ ఎగ్ పఫ్ కావాలన్నా ప్యాటిస్ అని అడగాలి.

బెజవాడ_భోజనం: ఇలాంటి గొడవే దిల్‌పసంద్‌తో కూడా ఉంది. కొబ్బరి, టూటీఫ్రూటీ పెట్టి పెద్ద గుండ్రంగా కాల్చి ముక్కలుగా కోసేది. దాన్నే కొందరు దిల్‌ఖుష్ అంటారు. ఒకచోట బన్నులా మెత్తగా, ఇంకోచోట పఫ్‌లా పొరలుగా ఉంటుంది. చేసేముందు ఏ రకమో తేల్చుకోండి. బన్ను రకానికి ఈస్టుతో పొంగిన పిండి, 180 డిగ్రీలు చాలు. పచ్చికొబ్బరిని మాత్రం చక్కెరతో కాసేపు పొయ్యి మీద వేయించి తడి తగ్గించాకే పెట్టాలి, లేకపోతే అడుగు పిండి ఉడకదు. పైన ఫోర్కుతో గుచ్చడం మర్చిపోకండి, ఆవిరి పోవాలి.

డల్లాస్_అత్తమ్మ: అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడి మామూలు దుకాణాల్లో తురుము కొబ్బరి చాలావరకు తీపి కలిపి అమ్ముతారు, దిల్‌పసంద్‌కి అది తీసుకుంటే చక్కెర వేయనక్కర్లేదు. ఇండియన్ స్టోర్లో చప్పటి కొబ్బరి దొరుకుతుంది. పఫ్ షీట్లు ఫ్రీజర్ వరుసలో ఉంటాయి, ఖారీకి అవి చాలు, 400 ఫారెన్‌హీట్ అంటే సుమారు 200 సెల్సియస్. ఇక్కడ బిస్కెట్ అంటే మెత్తటి ఉప్పు బన్ను లాంటిది, మన బిస్కెట్ వీళ్లకి కుకీ. రెసిపీలో ఒక స్టిక్ వెన్న అని ఉంటే 113 గ్రాములు.

కడప_సీమ: మా ఊళ్లో రంజాన్ ముందు మైదా, చక్కెర, నెయ్యి మనమే పట్టుకెళ్లి బేకరీ బట్టీలో బిస్కెట్లు కాల్పించుకునేవాళ్లు. నాకు తెలిసి ఇంటి ఓవెన్‌లో ఆ రుచికి దగ్గరగా రావాలంటే బేకరీవాళ్లు వాడే అమ్మోనియా కావాలి, అంటే పిండి పొంగడానికి వేసే అమ్మోనియం బైకార్బొనేట్ పొడి, శుభ్రం చేసే ద్రవం కాదు. కాలేటప్పుడు ఘాటు వాసన వస్తుంది, కిటికీలు తెరవండి, బిస్కెట్ పూర్తిగా ఆరాక ఆ వాసన ఉండదు. పల్చటి బిస్కెట్లకే వాడండి, కేకుల్లో వద్దు.

హైదరాబాద్_వంటిల్లు: అందరికీ థాంక్స్. పుణె అన్నా, వెన్న బదులు బేకరీ మార్గరిన్ వాడొచ్చా? ఇక్కడ మే నెల ఎండ మామూలుగా లేదు.

పుణె_తెలుగువాడు: వాడొచ్చమ్మా, అది అంత త్వరగా కరగదు, పొరలు బాగా వస్తాయి, బేకరీల్లోనూ ఎక్కువగా అదే. కానీ వెన్న కమ్మదనం రాదు, తిన్నాక అంగిట్లో జిడ్డు అంటుకుంటుంది. నేనైతే వెన్నే వాడి, పొద్దున్నే ఎండ రాకముందే మడతలు పూర్తి చేస్తాను.