గుర్రం కడుపులో ఇసుక చేరకుండా మేత ఎలా పెట్టాలి?

హనుమకొండ దగ్గరి మా ఊళ్లో పెళ్లి బరాత్‌లకు పంపే రెండు గుర్రాలను సాకుతున్నాను. మాది చల్క నేల. ఎండాకాలంలో గడ్డి మాడిపోయి ఇసుక తేలుతుంది. గత నెలలో తెల్ల గుర్రం మేత ముట్టకుండా, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, ముందుకాలితో నేలను గీరుతూ, పడుకుంటూ లేస్తూ అవస్థ పడింది. పశువైద్యుడు వచ్చి, నేల మీద పోసిన దాణాతో పాటు మింగిన ఇసుక పెద్దపేగులో పేరుకుపోయిందని చెప్పి వైద్యం చేశారు. ఆ రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాను. అలాంటి బాధ దానికి మళ్లీ రాకూడదు.

అప్పటి నుంచి ఉలవలు, తవుడు సిమెంటు తొట్టిలోనే పెడుతూ, దాని కింద రబ్బరు చాప పరిచాను. అయినా, నేలకు తాకని లద్దెను గాజుసీసాలో నీళ్లతో కలిపి పావుగంట ఉంచితే, అడుగున సన్నని ఇసుక పొర ఇప్పటికీ కనిపిస్తోంది. ఇసుకను ముందుకు నెట్టడంలో ఎండుమేత పీచు ముఖ్యమని, 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోలు కావాలని తెలుసుకున్నాను. మాకు దొరికేవి వరిగడ్డి, జొన్నచొప్ప మాత్రమే. వీటితోనే నెట్టుకురావచ్చా, లేక పచ్చగడ్డి పెంచుకోవాలా?

ఇసబ్గోల్ పొట్టును నెలకొక వారం పెట్టమన్నారు గానీ, తడి తగలగానే అది జిగురై గుర్రం మూతి తిప్పుకుంటోంది. బెల్లంతో కలిపి పెట్టినవారు ఎవరైనా ఉంటే, ఎలా అలవాటు చేశారో దయచేసి వివరించగలరు.