మైటోకాండ్రియాలో 'పార్కింగ్ లాట్' కనిపిస్తే రోగం పేరు రాసేయొచ్చా?

హన్మకొండ_స్లైడ్: 64 ఏళ్ల మనిషి, తొడ కండరం బయాప్సీ. మెట్లెక్కితే కాళ్లు సచ్చుబడుతయట. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కొన్ని మైటోకాండ్రియాల (కణానికి శక్తినిచ్చే భాగాలు) లోపల నల్లటి దిమ్మలు, వరుసగా నిలిపిన కార్లలాగ. నా లెక్కన ఇది మైటోకాండ్రియల్ మయోపతే, అంటే మైటోకాండ్రియా చెడి వచ్చే కండర జబ్బే. కాదనేవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్: నేనంటా. అవి క్రియాటిన్ కైనేజ్ ప్రోటీన్ పేరుకున్న స్ఫటికాలు. వయసు మళ్లినవాళ్లలో, వేరే కండర జబ్బుల్లో కూడా కనిపిస్తయి. ఎన్ని ఫైబర్లలో (కండర పోగుల్లో) చూశారు? ట్రైక్రోమ్ రంగు వేస్తే ర్యాగెడ్ రెడ్ ఫైబర్లు, అంటే అంచులు చిరిగినట్టు ఎర్రగా కనిపించేవి, ఉన్నాయా?

హన్మకొండ_స్లైడ్: రెండింటిలో. ర్యాగెడ్ రెడ్ ఒక్కటి. కాక్స్ (మైటోకాండ్రియాలోని ఒక ఎంజైము) స్టెయిన్ పట్టనివి మూడు.

కాజీపేట_జంక్షన్: ఆ వయసులో అది వింత కాదన్నా.

ఖిల్లా_వరంగల్: ముక్క పాడవకుండా ఫార్మలిన్‌లో వేశారా, గ్లూటరాల్డిహైడ్‌లోనా? ముందు అది తేల్చండి.

హన్మకొండ_స్లైడ్: గ్లూటరాల్డిహైడే. థియేటర్ గుమ్మం దగ్గర సీసా పట్టుకొని నిలబడ్డ. ఐసు డబ్బాలో పెట్టి పొద్దుటి బస్సుకే హైదరాబాద్ పంపిన. ఫిక్సేషన్ (ముక్కను అట్లా పాడవకుండా నిలపడం) చెడితే మైటోకాండ్రియా ఉబ్బుతుంది, లోపలి మడతలు చిట్లుతయి. స్ఫటికాలు పుట్టవు.

ఖిల్లా_వరంగల్: కోసిన ఎన్ని నిమిషాలకు వేశారు?

హన్మకొండ_స్లైడ్: వెంటనే అన్న కదా! పన్నెండేళ్ల నుంచి గ్రిడ్లు (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ముక్కలు పెట్టే చిన్న జాలీలు) చూస్తున్న, నాకు సీసాల పాఠం చెప్పకండి.

కాజీపేట_జంక్షన్: అనుభవం గురించి కాదు. మా అక్కకు ఒక చోట ఇట్లాంటి ఫొటో చూసే 'మైటోకాండ్రియల్ వ్యాధి' అని రాసిచ్చారు. అది తల్లి నుంచి పిల్లలకు వస్తుందని చుట్టాల్లో పాకింది. నిశ్చితార్థమైన బిడ్డ లగ్గం ఆగిపోయింది. తర్వాత జన్యు పరీక్షలో ఏమీ రాలేదు. ఆ ఫొటో నేను చూసిన, రెండే రెండు మైటోకాండ్రియాలు! పైగా ఈ జబ్బుల్లో చాలావాటికి కారణం కేంద్రకంలోని జన్యువులు, అవి తండ్రి నుంచీ వస్తయి. ఎవరికి చెప్పినా వినలేదు.

హన్మకొండ_స్లైడ్: అక్కకు అట్లా కావద్దుండె. కానీ మా నాన్నను ఆరేళ్లు కీళ్లనొప్పులని తిప్పారు. బయాప్సీ రిపోర్టులో 'నిర్ధారణ లేదు' అని ఒక్క ముక్క రాసి పంపితే ఏ డాక్టరూ ముందుకు పోలేదు. అందుకే నేను పేరు రాస్తా.

కాజీపేట_జంక్షన్: చూసింది మొత్తం రాయండి, ఎవరొద్దన్నారు? ఎన్ని ఫైబర్లు, మనిషి వయసెంత, కాక్స్ లెక్కెంత. కింద కండరంలోని మైటోకాండ్రియల్ డీఎన్ఏ పరీక్ష అడగండి. కొన్ని లోపాలు రక్తంలో దొరకవు, కండరంలోనే దొరుకుతయి. రోగం పేరు మాత్రం అప్పుడే వద్దు.

హన్మకొండ_స్లైడ్: లెక్కలు రాస్తా, పరీక్షా అడుగుతా. 'మైటోకాండ్రియల్ మయోపతి అనుమానం' అన్న మాట మాత్రం తీయను.