విశాఖ టీయూ-142 మ్యూజియం: చూసినవారు చెప్పగలరు

బొబ్బిలి బాటసారి:
సెలవుల్లో నాన్నగారిని, పిల్లలను వెంటబెట్టుకుని విశాఖ వెళ్లి, బీచ్ రోడ్డులోని టీయూ-142 అనే, ఒకప్పుడు జలాంతర్గాములను వేటాడిన నౌకాదళ విమానాన్నీ, ఎదురుగా ఉన్న కురుసుర జలాంతర్గామినీ చూపించాలనుకుంటున్నాను. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంది. రెండింటిలోకీ ఎక్కి దిగగలరా? రద్దీ ఏ వేళ తక్కువగా ఉంటుంది? ఇన్నేళ్లుగా ఉప్పుగాలిలో నిలిచిన విమానం ఇప్పుడు ఎలా ఉంది?

ఆరక్కోణం పాతకాపు:
ముందుగా అది చేసిన సేవ ఏమిటో పిల్లలకు చెప్పి తీసుకువెళ్లండి. 1988లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి, అదే ఏడాది మాల్దీవుల తిరుగుబాటును అణచిన ఆపరేషన్ కాక్టస్‌లో పాలుపంచుకుని, 2017 మార్చిలో ఆరక్కోణంలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ రాజాలిలో విరమించే వరకు 29 ఏళ్లు హిందూ మహాసముద్రాన్ని కాపలా కాసిన విమానాల దళంలోది అది. దాదాపు 30,000 గంటలు ప్రమాదమన్నది లేకుండా ఎగిరాయి ఆ విమానాలు. వాటి మోత వింటూ ఉద్యోగం చేసినవాణ్ణి కనుక, జనం విమానం ముక్కు దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతుంటే నాకు బాధ కలుగుతుంది.

సింధియా వాసి:
నాకు బాధ కలిగించేది వేరు. విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాకు ఎగిరి వచ్చిన విమానాన్ని విడదీసి, భాగాలుగా రోడ్డు మీద తరలించి, తీరంలో మళ్లీ బిగించారు. అంత శ్రమపడి తెచ్చినదాన్ని సముద్రానికెదురుగా ఆరుబయట ఉంచడం సరైన పని కాదు. విమానం పైరేకు అల్యూమినియం మిశ్రమం, బిగింపుల్లో ఉక్కు ఉంటుంది. ఉప్పుతేమ చేరితే రెండు లోహాల మధ్య విద్యుత్ చర్య మొదలై ముందు అల్యూమినియమే తినుకుపోతుంది. పైకప్పు వేయడం తప్పనిసరి.

తీరం నడక:
రెక్కల కొస నుంచి కొస వరకు సుమారు 50 మీటర్లు, పొడవు అంతకంటే ఎక్కువ. అంత షెడ్డు కడితే రోడ్డు మీద వెళ్లేవారికి కనిపించేది రేకులే. టికెట్టు కొనలేని పిల్లవాడు కూడా ఆటోలోంచి ఆ విమానాన్ని చూసి ఆశ్చర్యపోతున్నాడు. దాన్ని దూరం చేయకండి.

సింధియా వాసి:
మీ కళ్లకు ఇంపుగా ఉండటం కోసం చరిత్రను చివికిపోనివ్వాలా? 2014లో హుద్‌హుద్ ఈ నగరాన్ని ఏం చేసిందో మరిచారా?

తీరం నడక:
మరువలేదు. అది విమానాశ్రయం పైకప్పునే చీల్చింది. అటువంటి తుపానులో మీ షెడ్డు విమానం మీద కూలితే జవాబు ఎవరు చెబుతారు? మాట మర్యాదగా రానివ్వండి.

బేగంపేట ఇంజినీరు:
విమాన నిర్వహణ బోధించడం నా వృత్తి కనుక ఇద్దరికీ కలిపి చెబుతున్నాను. గోడలు లేని పైకప్పు ఉప్పును ఆపదు. పైగా, పేరుకున్న ఉప్పును కడిగివేసే వాననీటిని ఆపుతుంది. నీడపట్టున ఉన్న పొట్టభాగం, చక్రాల గూళ్లు పైభాగం కంటే త్వరగా చెడటానికి కారణం అదే. మంచినీటితో కడగడం, లోపలి నీరు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడటం, అతుకులకు సీలెంటు పట్టించడం అసలు చికిత్స. ఇక బొబ్బిలివారూ, ప్రొపెల్లర్ల దగ్గర ఆగండి. ఒక్కో ఎన్‌కె-12 ఇంజిను రెండు ప్రొపెల్లర్లను ఎదురెదురు దిశల్లో తిప్పుతుంది. అలాంటి ఇంజిన్లు నాలుగు. జెట్‌లతో పోటీపడగల వేగం ప్రొపెల్లర్ విమానానికి వచ్చింది వాటివల్లనే.

జువారి ఒడ్డు:
గోవాలోని నౌకాదళ వైమానిక మ్యూజియం కూడా చూడండి. పాత విమానవాహక నౌక విక్రాంత్ నుంచి ఎగిరిన సీ హాక్, అలీజే విమానాలతో పాటు, ఒకప్పుడు ఎయిర్ ఇండియా ప్రయాణికులను మోసి, తరువాత నౌకాదళంలో చేరిన సూపర్ కాన్స్టెలేషన్ అక్కడ ఉంది. అవీ ఆరుబయటివే.

అనకాపల్లి అత్తయ్య:
ఆయన అడిగింది మోకాళ్ల గురించి, మీరు షెడ్డు గురించి కొట్లాడుకుంటున్నారు! విమానంలోకి మెట్లెక్కాలి, కానీ చేయి అందిస్తే పెద్దవారు మెల్లగా ఎక్కగలరు. కురుసురలో గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇరుకు ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. అది నొప్పి ఉన్నవారికి కష్టం. నాన్నగారిని ప్రదర్శనశాలలో కూర్చోబెట్టి మీరు పిల్లలతో వెళ్లండి. నీళ్లలో పడి జలాంతర్గామి చప్పుడును విమానానికి చేరవేసే సోనోబాయ్‌లు అక్కడే ఉంటాయి. కురుసుర చూశాక పిల్లలకు వాటిని చూపిస్తే వేట ఎలా సాగేదో తేలిగ్గా అర్థమవుతుంది.

సింధియా వాసి:
ఇంజినీరుగారూ, పైకప్పు వద్దంటే సరే, గోడలతో సహా కడితే ఒప్పుకుంటారా?

బేగంపేట ఇంజినీరు:
లోపలి తేమను నిత్యం అదుపులో ఉంచే యంత్రాలూ, వాటికి కరెంటూ, చూసే మనుషులూ ఉంటే ఒప్పుకుంటాను. అంత వరకు ఆ డబ్బును కడగడానికీ పెయింటుకూ వెచ్చించమంటాను.

తీరం నడక:
ఆ మాటకు నేనూ సరే. గోడలకు మాత్రం ఒప్పుకోను.