ఆడవాళ్ల వైపు నుంచి మన చరిత్ర చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నేరేడుచెట్టు:
డిగ్రీలో మూడేళ్లు చరిత్ర చదివాను, రుద్రమదేవి తప్ప ఇంకో తెలుగు ఆడమనిషి పేరు పరీక్షలో రాసిన గుర్తు లేదు. మొన్న అమ్మమ్మ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడింది. వనవాసం అయ్యాక లక్ష్మణుడు వచ్చి పక్కన కూర్చుంటే ఊర్మిళ గుర్తుపట్టదు, ఎవరో పరాయివాడనుకుని మా నాన్నకి తెలిస్తే ఊరుకోడని బెదిరిస్తుంది. పద్నాలుగేళ్లు మొగుడు లేని మనిషి అలాగే కదా మాట్లాడేది! నేను చదివిన రామాయణాల్లో ఆమెకి ఇంత నోరు లేదు. ఇలాంటి పాటలు సాహిత్యం కింద లెక్కేనా? ఈ దారిలో ఇంకేం చదవాలి?

తాటాకు:
లెక్కేనండీ, అనుమానమే వద్దు. ఆడవాళ్లు పాడుకున్న రామాయణంలో యుద్ధం కంటే కౌసల్య వేవిళ్లకీ పురుడుకీ ఎక్కువ చోటు ఉంటుంది, ఎవరికి ఏది ముఖ్యమో అక్కడే తెలిసిపోతుంది.

చదవడం ముద్దుపళనితో మొదలుపెట్టండి. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండి 'రాధికాసాంత్వనం' అనే శృంగార కావ్యం రాసింది. 1887లో అచ్చువేసినప్పుడు కొన్ని పద్యాలతో పాటు ఆమె తన వంశం గురించి, తన నాయనమ్మ, మేనత్తల గురించి చెప్పుకున్న పీఠికనే తీసేశారు. శృంగారం నచ్చక పద్యాలు తీశారనుకుందాం, నాయనమ్మ ఏం చేసింది? వితంతు వివాహాల కోసం అంత పోరాడిన వీరేశలింగం గారు కూడా ఒక స్త్రీ ఇలా రాయడమేమిటని తిట్టిపోశారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి వెతికి పట్టుకుని 1910లో మొత్తం అచ్చు వేయిస్తూ, సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులకి అక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ఎత్తేసే దాకా ఆ నిషేధం అలాగే ఉంది.

భండారు అచ్చమాంబని కూడా వదలొద్దు. 1902లోనే 'ధనత్రయోదశి' కథ రాసింది, అయినా తొలి తెలుగు కథ అనగానే చాలాకాలం 1910 నాటి 'దిద్దుబాటు' పేరే చెప్పుకున్నాం.

ఎర్రమట్టి:
పై జవాబుతో ఒక పేచీ. ఇంకో నలుగురు కవయిత్రుల పేర్లు జాబితాలో చేర్చినంత మాత్రాన చూపు మారదు. రాయడం వచ్చిన ఆడవాళ్ల సంగతి సరే, పొలంలో, దొరల గడీల్లో వెట్టి చేసినవాళ్లు ఎక్కడ? స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు, చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు, తమ మాటల్లో చెప్పుకున్నవి అందులో ఉన్నాయి. పోరాటం ఆగాక ఇక ఇళ్లకి వెళ్లండి అంటే ఎలా అనిపించిందో, బిడ్డల్ని వదిలి దళంలో తిరగడం ఎంత నరకమో వాళ్లే చెబుతారు. నేను ఒక్కసారి కూర్చుని చదవలేకపోయాను, మధ్యలో మూసి పెట్టేశాను. ఆ తర్వాత గోగు శ్యామల 2003లో తెచ్చిన 'నల్లపొద్దు' చూడండి, దళిత స్త్రీల రచనలు ఒకచోట దొరుకుతాయి.

వానగూడు:
పుస్తకాలు ఎక్కడికీ పోవు, ముందు అమ్మమ్మ పాట రికార్డు చేయండి. ఇంకొక మాట, చరిత్ర చెప్పు అని అడగకండి. మా నాయనమ్మని అలా అడిగితే నాకేం తెలుసమ్మా, మీ తాతని అడగాల్సింది అంది. అదే, నీ పెళ్లికి నీ పెట్టెలో ఏం పెట్టారు అంటే రెండు గంటలు ఆగలేదు, ఏ చీర ఎవరు కొన్నారు, ఏ నగ ఏ కరువులో అమ్మేశారు, అన్నీ వరసగా వచ్చాయి. మధ్యలో మీరు మాట్లాడకండి, ఆమె ఆగినా కాసేపు ఊరుకోండి.

నేరేడుచెట్టు:
అందరికీ చాలా థాంక్సండీ. నిన్న సాయంత్రం ఫోన్‌లో రికార్డు చేశాను. రెండుచోట్ల ఆగి, ఇక్కడ మా పెద్దత్త వేరేగా పాడేది అని అది కూడా పాడి వినిపించింది. ఆవిడ పేరేంటి అంటే అమ్మమ్మకి వెంటనే రాలేదు, ఇంట్లో అందరూ పెద్దత్త అనే పిలిచేవారట. పడుకున్నాక పిలిచి చెప్పింది, సుబ్బమ్మ అని.