సంతాన రేటు 1.7కి పడిపోయినా జనాభా తగ్గదేం?

ప్రశ్న: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఏపీలో సంతాన రేటు (ఒక్కో మహిళ జీవితకాలంలో కనే పిల్లల సగటు) 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి కదండీ, మరి వెంటనే తగ్గదేం?

జవాబు 1: 1.7 అన్నది ఒక్కో మహిళ లెక్క. మొత్తం కాన్పులు తల్లులెందరున్నారన్న దాన్ని బట్టి ఉంటాయి. 1990ల్లో పుట్టిన పెద్ద తరం ఇప్పుడు పిల్లల్ని కనే వయసులో ఉంది. తలా ఒకరిద్దర్నే కన్నా మరణాల కంటే జననాలే ఎక్కువ. ఆ తరం ముసలిదయ్యాక లెక్క తిరగబడుతుంది.

జవాబు 2: పిల్లలు తగ్గిన దెబ్బ ఇంట్లో ముందే తెలుస్తుందండీ. ఒక్కడే కొడుకు, ఒక్కతే కూతురు పెళ్లాడితే నలుగురు పెద్దల మందులు, ఆసుపత్రి ఇద్దరి మీదే. బీపీ, షుగర్ రాకముందే పెద్దవాళ్లకు ఆరోగ్య బీమా చేయించండి. బీమా తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిము రాకపోవచ్చు.

జవాబు 3: ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఏపీ 2024లో ఎత్తేసింది. దానివల్ల కాన్పులు పెరుగుతాయనుకోను. స్కూలు ఫీజులు, పసిబిడ్డను చూసుకునే మనిషి లేకపోవడం, ఇవీ అసలు అడ్డంకులు.