'టాప్ హ్యాట్', 'స్వింగ్ టైమ్' చూసేశాను, తర్వాత ఏది చూడమంటారు?

పాత బ్లాక్ అండ్ వైట్ హాలీవుడ్ సినిమాలు బాగా చూసినవాళ్లు కాస్త సలహా ఇవ్వండి. పోయిన ఆదివారం జ్వరంతో పడుకుని ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్ నటించిన 'టాప్ హ్యాట్' (1935) పెట్టాను. కథ ఏముంది, హీరోని తన స్నేహితురాలి మొగుడనుకుని హీరోయిన్ మండిపడటమే! కానీ 'చీక్ టు చీక్' పాటలో ఆమె ఈకల గౌను, ఆ అడుగులు చూస్తూ జ్వరం సంగతే మర్చిపోయాను. మర్నాడే 'స్వింగ్ టైమ్' (1936) కూడా అయిపోయింది. డాన్స్‌ని ముక్కలుగా కోయకుండా తల నుంచి కాలి దాకా కనిపించేలా తీయడం భలే నచ్చింది.

ఈ జంట చేసిన పది సినిమాల్లో 1949 నాటి చివరిది మాత్రం కలర్. దాన్ని ఇప్పుడే ముట్టుకోను. మరి 'ది గే డివోర్సీ' (1934) ముందు చూడాలా, లేక కాళ్లకు స్కేట్లు కట్టుకుని డాన్స్ చేసే 'షల్ వి డాన్స్' (1937) ముందా?

ఇంకోటి, దర్శకుడు లుబిచ్ తీసిన, మారిస్ షెవాలియే, జెనెట్ మెక్‌డొనాల్డ్ జంటగా నటించిన సినిమాలు కూడా ఇంత హుషారుగా ఉంటాయా? ఈసారి మా అమ్మతో కలిసి చూద్దామని. ఆవిడకి ఇంగ్లీష్ అంతంతమాత్రం, కాబట్టి మాటలకంటే డాన్స్, నవ్వు ఎక్కువున్నవి చెప్పండి.