శిష్యుడు, అపొస్తలుడు, ప్రవక్త: ఎవరు ఎవరు?

ప్రశ్న: "పన్నెండుమంది శిష్యులు", "పన్నెండుమంది అపొస్తలులు" అని రెండు రకాలుగానూ అంటున్నారు. రెండూ ఒకటేనా? ప్రవక్తల వరస పాత నిబంధనతోనే ఆగిపోలేదా?

జవాబు: ఒకటి కాదండీ. లూకా 6:13లో యేసు తన శిష్యులను పిలిచి, వాళ్లలోంచి పన్నెండుమందిని ఏర్పరచి, వాళ్లకు అపొస్తలులని పేరు పెట్టాడు. ఆ పన్నెండుగురూ శిష్యులే గానీ, శిష్యులంటే ఆ పన్నెండుగురే కారు. గ్రీకులో 'మథేతేస్' అంటే నేర్చుకునేవాడు, 'అపొస్తొలొస్' అంటే పంపబడినవాడు. యొప్పేలో విధవరాండ్రకు అంగీలు కుట్టిపెట్టిన తబితాను అపొ. కార్యములు 9:36 శిష్యురాలు అంటుంది. గ్రీకు కొత్త నిబంధనలో ఆ స్త్రీలింగ రూపం కనబడేది అక్కడొక్కచోటే. ఇంకో విశేషం: కొత్త నిబంధనలోని పత్రికల్లో (ఉత్తరాల్లో) 'మథేతేస్' ఒక్కసారి కూడా రాదు. పౌలు రాసేది "సహోదరులారా", "పరిశుద్ధులు" అనే.

జవాబు: అపొస్తలులు పన్నెండుగురే అనుకుంటే అంతియొకయ సంఘం దగ్గర చిక్కు వస్తుంది. అపొ. కార్యములు 13:1లో బర్నబా, సౌలు (అంటే పౌలే) "ప్రవక్తలును బోధకులును" అన్న జాబితాలో ఉన్నారు. సంఘం ఉపవాసం చేసి, చేతులుంచి, వాళ్లిద్దరినీ పంపింది. 14:14కి వచ్చేసరికి వాళ్లే "అపొస్తలులు". మధ్యలో జరిగింది పంపడమే. యేసును అప్పగించిన యూదా స్థానంలో మత్తీయను తీసుకున్నప్పుడు కొలత వేరు: యోహాను బాప్తిస్మం మొదలు ఆరోహణం దాకా వెంట ఉన్నవాడై ఉండాలి (1:21-22). ఆ కొలతకు పౌలు తూగడు. అందుకే 1 కొరింథీ 9:1లో "మన ప్రభువైన యేసును నేను చూడలేదా?" అని అంత గట్టిగా అడుగుతాడు.

జవాబు: ప్రవక్తల వరస ఆగలేదు. అగబు అనే ప్రవక్త కరవు వస్తుందని చెప్పాడు (అపొ. కార్యములు 11:28), తర్వాత పౌలుకు జరగబోయేది చెబుతూ, అతని నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని చూపించాడు. కైసరయలో ఫిలిప్పు కుమార్తెలు నలుగురూ ప్రవచించేవారు. అయితే ప్రవక్త అంటే జోస్యం చెప్పేవాడని మాత్రం అనుకోకండి. 1 కొరింథీ 14:3 ప్రకారం ఆయన పని క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ. కూడికలో ఇద్దరు ముగ్గురే మాట్లాడాలి, తక్కినవాళ్లు వివేచించాలి (14:29).

ఆ వివేచన ఎలా ఉండేదో 'దిదఖే' అనే తొలినాటి సంఘ నియమావళి చెబుతుంది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడ్డ రాతప్రతి అది. ఇంటికి వచ్చిన అపొస్తలుడు ఒకరోజు ఉండొచ్చు, అవసరమైతే రెండోరోజు కూడా. మూడోరోజూ ఉంటే అబద్ధ ప్రవక్త! వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీకి సరిపడా రొట్టె ఇవ్వాలి. డబ్బు అడిగాడా, మళ్లీ అబద్ధ ప్రవక్తే. ఆత్మావేశంలో భోజనం సిద్ధం చేయమని చెప్పి తనే తిన్నా అంతే. ఊళ్లో స్థిరపడదలచిన నిజమైన ప్రవక్తకు మాత్రం ప్రథమఫలాలు ముడతాయి. 'అబద్ధ ప్రవక్త' అన్న ముద్ర అపొస్తలుడి మీదా వేశారంటే, రెండు పేర్ల మధ్య గోడ ఎంత పల్చనో చూడండి.

జవాబు: తెలుగు బైబిలు చదివేవారు ఒకటి గమనించాలి. ఫిలిప్పీ 2:25లో ఎపఫ్రొదితును "మీ దూత" అన్నారు. మూలంలో ఉన్నది 'అపొస్తొలొస్' మాటే. ఫిలిప్పీ సంఘం కానుక ఇచ్చి పంపిన మనిషి కాబట్టి అక్కడ దూత అనడం సబబే. దాన్ని దేవదూతతో కలిపేయకండి. ఇక రాత సంగతి: గ్రీకులో హ్రస్వమే కాబట్టి అపొస్తలుడే సరి, 'పో' అక్కర్లేదు.